ఆరు పేర్లు మారినా పోని 'పాత' ముద్ర: ఏఎస్ 400 కథ, కెనడాలో మన కథ

కాస్ట్కోలో ఫలానా వస్తువు స్టాకు ఉందా అని అడిగితే, అక్కడి ఉద్యోగి నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చూసి, రెండు మీటలు నొక్కి జవాబు చెప్పడం మనలో చాలామంది గమనించే ఉంటారు. పక్కన నిలబడ్డ పిల్లలు "ఇదేంటి నాన్నా, ఇంత పాత కంప్యూటరా?" అని నవ్వుతారు. ఆ తెర వెనకున్న యంత్రం పేరు చాలాకాలం పాటు ఏఎస్ 400. ఇప్పటి పేరు ఐబీఎం ఐ. ఆ తెరను చూసి నవ్వేది పిల్లలే అయితే పరవాలేదు. కోట్ల డాలర్ల ఖర్చు నిర్ణయించే మేనేజర్లు, మంత్రిత్వ శాఖల అధికారులు కూడా చాలాసార్లు తెరను చూసే తీర్పు చెప్పేస్తున్నారు. ఆ తీర్పుల ఫలితం మన ఉద్యోగాల మీద, మనం కట్టే పన్నుల మీద, మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు వచ్చే పింఛన్ల మీద కూడా పడుతోంది. అందుకే ఈ సంగతి ఐటీవాళ్ళకు మాత్రమే వదిలేయదగ్గది కాదనిపించి రాస్తున్నాను.

గ్రేటర్ టొరంటోలో నేను చాలా ఏళ్ళుగా ఇదే ప్లాట్‌ఫామ్ మీద పనిచేస్తున్నాను. మన పండగ భోజనాల్లో కొత్తవాళ్ళు కలిసినప్పుడు "ఏ టెక్నాలజీ అండీ?" అన్న ప్రశ్న తప్పదు కదా. నా జవాబు వినగానే వచ్చే మాట కూడా దాదాపు ఒకటే: "ఇంకా ఉందా అది?" ఉంది. ఎందుకుందో ముందు చూద్దాం.

అసలు ఏమిటీ యంత్రం?

1988 జూన్ 21న ఐబీఎం ఏఎస్ 400ని విడుదల చేసింది. తయారైంది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రాచెస్టర్ ఊళ్ళో. అప్పటికి చిన్న, మధ్యతరహా వ్యాపారాలు సిస్టమ్ 36, సిస్టమ్ 38 అనే రెండు వేర్వేరు యంత్రాలు వాడుతుండేవి. ఆ రెండు వర్గాల వినియోగదారులనూ ఒక గూటికి చేర్చడమే దీని లక్ష్యం. గోదాము లెక్కలు, ఆర్డర్లు, బిల్లులు, జీతాలు, బీమా పాలసీలు... ఒక వ్యాపారానికి రోజూ కావలసిన పనులన్నీ ఒకే పెట్టెలో జరగాలి, దాన్ని చూసుకోవడానికి పెద్ద ఐటీ విభాగం అక్కర్లేకుండా ఉండాలి. డేటాబేస్‌ను విడిగా కొని అతికించుకోనక్కర్లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసి వచ్చేది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

దీని డిజైన్‌లో అన్నిటికన్నా గొప్ప సంగతి బయటికి కనిపించదు. మనం రాసిన ప్రోగ్రాముకూ, కింద ఉన్న ప్రాసెసర్‌కూ మధ్య ఒక పొర ఉంటుంది. ప్రోగ్రాము ఆ పొరతోనే మాట్లాడుతుంది, ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడదు. అందువల్ల 1995లో ఐబీఎం లోపలి ప్రాసెసర్‌ను మొత్తం మార్చేసి 64 బిట్‌లకు వెళ్ళినప్పుడు, కంపెనీలు తమ ప్రోగ్రాములను తిరగరాసుకోనక్కర్లేకపోయింది. పై అంతస్తులో కాపురం కదలకుండా కింద పునాది మార్చినట్టన్నమాట. మిగతా ప్రపంచంలో చాలామందికి 64 బిట్‌ల మార్పు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ రాలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పాత ప్రోగ్రాములు చెడకుండా నడవడమే దీని బలం. అదే దీనికి చెడ్డపేరు కూడా తెచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట రాసిన తెర ఇవాళా అలాగే పనిచేస్తుంటే, దాన్ని మార్చమని ఎవరూ తొందరపెట్టరు. లోపల యంత్రం సరికొత్తది, పైన ముఖం మాత్రం 1988 నాటిది. చూసేవాళ్ళకు కనిపించేది ముఖమే.

పేర్ల గొడవ

ఈ ముద్ర పోగొట్టడానికి ఐబీఎం చేసిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది పేరు మార్చడం. 1997లో ఏఎస్ 400 చివర ఒక 'ఇ' చేరింది, ఇంటర్నెట్ యుగం కదా అని. 2000లో ఐసిరీస్ అయింది. 2004లో ఐ5. 2006లో సిస్టమ్ ఐ. 2008లో యంత్రాలన్నిటినీ పవర్ సిస్టమ్స్ అనే ఒకే కుటుంబంలో కలిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఐబీఎం ఐ అని పేరు పెట్టారు. అంటే మొత్తం ఆరు పేర్లు.

ఫలితం? కెనడాలో ఇవాళ ఉద్యోగ ప్రకటన చూడండి, "ఏఎస్ 400 డెవలపర్ కావలెను" అనే ఉంటుంది. కారణం లేకపోలేదు. ఇంటర్నెట్‌లో 'ఐ' అనే ఒక్క అక్షరాన్ని వెతికితే ఏం దొరుకుతుంది? పైగా ఇంతలేసి మార్పుల వల్ల నష్టం కూడా జరిగింది. ఏఎస్ 400 పేరు మార్కెట్లోంచి పోయింది కాబట్టి ఆ యంత్రం కూడా పోయిందని చాలామంది అనుకున్నారు. వాడుతున్న కంపెనీల అధికారులే "మనది ఇంకా ఏఎస్ 400 అట, ఎప్పుడో ఆపేశారు కదా" అనడం నేను విన్నాను. వాళ్ళ గదిలో ఉన్నది మాత్రం ఈమధ్యే కొన్న పవర్ సర్వర్.

నిజానికి లోపల చాలా మారింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఐబీఎం ఐ 7.6లో పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ అడిగే భద్రతా ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. పైథాన్, నోడ్ జేఎస్, పీహెచ్‌పీ దాని మీద నడుస్తాయి. డెవలపర్లు ఇప్పుడు పచ్చతెర మీద కాకుండా వీఎస్ కోడ్‌లో కూర్చుని రాయొచ్చు. పాత ఆర్పీజీ ప్రోగ్రామునే వెబ్ సర్వీసుగా మార్చి, మొబైల్ యాప్ నుంచి పిలవొచ్చు. కొన్ని గోదాముల్లో మాత్రం పచ్చతెరను కావాలనే ఉంచుకుంటారు. ఎఫ్3, ఎఫ్12 మీటల మీద చేయి తిరిగిన గుమాస్తా పది ఆర్డర్లు ఎక్కించేసరికి, మౌస్‌తో మెనూలు వెతుక్కునే మనిషి ఐదు కూడా పూర్తి చేయలేడు.

మన పక్క వీధిలోనే

ఈ కథలో కెనడా పాత్ర మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఏఎస్ 400 మీద ఎక్కువగా వాడే భాష ఆర్పీజీ. దాని కంపైలర్‌ను చూసుకునేది ఐబీఎం టొరంటో ల్యాబ్. అది ఉన్నది మార్కమ్‌లో, వార్డెన్ అవెన్యూ మీద. ఆ దారిలో రోజూ కారు నడిపే తెలుగువాళ్ళు ఎంతమందో!

ఆర్పీజీ 1959లో పుట్టింది, పంచ్ కార్డుల కాలంలో. అందుకే పాత ఆర్పీజీలో ఏ అక్షరం ఏ గడిలో పడాలో ఖచ్చితమైన లెక్క ఉండేది. మన ఊళ్ళో రైల్వే రిజర్వేషన్ ఫారం నింపినట్టు గడి తప్పితే చెల్లదు. 1994లో ఆర్పీజీ 4 వచ్చాక భాష రూపం చాలా మారింది. 2015 నుంచి గడుల పట్టింపు పూర్తిగా పోయింది, ఇప్పుడు రాసే ఆర్పీజీని చూస్తే జావా తెలిసిన కుర్రాడికి కూడా చాలామటుకు అర్థమవుతుంది. 'చచ్చిపోయిన భాష' అని అందరూ అనుకునేదానికి కొత్త సదుపాయాలు తయారయ్యేది టొరంటో పక్కనే. ఈ ప్లాట్‌ఫామ్ వాడేవాళ్ళ కోసం ఇక్కడ టగ్ అనే టొరంటో యూజర్స్ గ్రూప్ కూడా ఉంది. అలాంటి సమావేశాల్లో తలలు నెరిసినవాళ్ళే ఎక్కువ, ముప్పై ఏళ్ళలోపువాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అసలు సమస్య అదే.

ప్రభుత్వం నేర్పిన రెండు పాఠాలు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కెనడా ప్రభుత్వపు పెద్ద వ్యవస్థల కథ ఏఎస్ 400 కథ కాదు. ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ లాంటివి మెయిన్‌ఫ్రేమ్ మీద, కోబాల్‌లో నడిచేవి. కానీ 'పాత' అన్న ముద్ర ఒకటే, దాని వల్ల జరిగే పొరపాట్లూ ఒకటే. అందుకే వాటి సంగతి చెప్పుకోవాలి.

మొదటి పొరపాటు: "పాతది కాబట్టి తీసిపారేద్దాం." ఫీనిక్స్ జీతాల వ్యవస్థ పేరు ఒట్టావాలో ఉన్న మనవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సుమారు నలభై ఏళ్ళ పాత వ్యవస్థ స్థానంలో, దాదాపు 2,90,000 మంది ఉద్యోగుల కోసం 2016 ఫిబ్రవరిలో దాన్ని మొదలుపెట్టారు. వివిధ శాఖల్లో జీతాల చిక్కుముళ్ళు విప్పుతూ వచ్చిన సుమారు 1,200 మంది సలహాదారుల పోస్టులు తీసేసి, న్యూ బ్రన్స్‌విక్‌లోని మిరమిషిలో 550 మందితో ఒక కేంద్రం పెట్టారు. బడ్జెట్ సరిపోవడం లేదని 984 జీతాల పనుల్లో వందకు పైగా పక్కన పెట్టేశారు. ఆ తర్వాత కొందరికి జీతమే రాలేదు, కొందరికి తక్కువ వచ్చింది, కొందరికి ఎక్కువ వచ్చి తిరిగి కట్టమన్నారు. 2018లో అప్పటి ఆడిటర్ జనరల్ మైకేల్ ఫెర్గూసన్ దీన్ని అర్థం చేసుకోలేనంత వైఫల్యంగా వర్ణించారు. కొత్త సాఫ్ట్‌వేర్ చెడ్డదా అన్నది వేరే చర్చ. పాత వ్యవస్థలో సగం తెలివి యంత్రంలో కాదు, దాన్ని నడిపిన మనుషుల బుర్రల్లో ఉండేది. యంత్రం రాకముందే ఆ మనుషులను పంపించే ఏర్పాట్లు జరిగిపోయాయి.

రెండో పొరపాటు దీనికి తలకిందులు: "నడుస్తోంది కదా, వదిలేద్దాం." ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు ముసలివైపోతున్నాయని ఆడిటర్ జనరల్ 2010లోనే హెచ్చరించారు. పదమూడేళ్ళ తర్వాత, 2023 అక్టోబర్‌లో ఇప్పటి ఆడిటర్ జనరల్ కేరన్ హోగన్ చూసేసరికి, దాదాపు 7,500 అప్లికేషన్లలో మూడింట రెండు వంతులు అనారోగ్యంతోనే ఉన్నాయి. ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ పింఛను వ్యవస్థ వయసు అప్పటికే సుమారు 60 ఏళ్ళు, పింఛను తీసుకునేవాళ్ళకు దాదాపు సమానం! పింఛన్లు, ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ వ్యవస్థలను మార్చే కార్యక్రమం 2017లో 175 కోట్ల డాలర్ల అంచనాతో మొదలైంది, 2022కి 250 కోట్లకు చేరింది. మధ్యలో 2020లో కోవిడ్ వచ్చి లక్షలాది మంది ఒకేసారి ఉద్యోగాలు పోగొట్టుకున్నప్పుడు, ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ దారి ఆ తాకిడికి చాలదని సెర్బ్ అనే వేరే సాయాన్ని హడావుడిగా తేవలసి వచ్చింది. నాలుగు వారాలకు 2,000 డాలర్ల ఆ సాయం మనలో ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది.

మనకు ఇందులో ఏం సంబంధం అనుకోకండి. ఇక్కడ పదేళ్ళు నివాసం పూర్తయిన మన అమ్మానాన్నలకు 65 ఏళ్ళు వచ్చాక అందే పింఛను చాలాకాలం ఆ వ్యవస్థలోంచే వచ్చింది. రేపు ఉద్యోగం పోతే మనం దరఖాస్తు పెట్టేదీ అలాంటి వ్యవస్థకే.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. వ్యవస్థ లోపల ఏముందో చూడకుండా, దాని వయసును బట్టి నిర్ణయం తీసుకోవడం. ఒకరు వయసు చూసి భయపడి పడగొడతారు. మరొకరు ముట్టుకుంటే ఏమవుతుందోనని భయపడి వదిలేస్తారు. లోపలికి వెళ్ళి ఏ ప్రోగ్రాము ఏం చేస్తోంది, ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని చెప్పగల మనుషులు ఉంటే ఈ రెండు భయాలూ అక్కర్లేదు. అలాంటి మనుషులే తగ్గిపోతున్నారు.

ఆ మనుషుల్లో మనమూ ఉన్నాం

ఉత్తర అమెరికాకు తెలుగువాళ్ళ ఐటీ వలస పెరగడంలో ఈ పాత యంత్రాల పాత్ర తక్కువేం కాదు. 1990ల చివర వైటూకే హడావుడిలో తేదీల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్న ప్రోగ్రాములు సరిచేయడానికి కోబాల్, మెయిన్‌ఫ్రేమ్, ఏఎస్ 400 తెలిసినవాళ్ళు వేలల్లో కావలసి వచ్చారు. అమీర్‌పేట గల్లీల్లో కోచింగ్ తీసుకుని విమానం ఎక్కినవాళ్ళు ఎందరో. వాళ్ళలో చాలామందికి ఇప్పుడు యాభై దాటింది. ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలు యూనివర్సిటీలకు వెళ్ళారు.

కానీ వాళ్ళలో చాలామంది తమ పని గురించి బయటికి చెప్పుకోరు. రెజ్యూమేలో ఆర్పీజీని చివరి వరుసకు తోసి, నాలుగు రోజులు నేర్చుకున్న క్లౌడ్ సర్టిఫికెట్‌ను పైన పెడతారు. పిల్లలు అడిగితే "బ్యాక్ ఎండ్" అని సరిపెడతారు. యంత్రానికి పడ్డ ముద్ర మనిషికీ అంటుకుంది. ఒక బీమా కంపెనీ ప్రీమియం లెక్కలు ఇరవై ఏళ్ళుగా పైసా తేడా లేకుండా నడిపించిన మనిషికి 'పాత టెక్నాలజీ మనిషి' అన్న బిరుదు తప్ప మరేం మిగలడం లేదు. ఇలాంటి ఉద్యోగాలు తీసేసేటప్పుడు కూడా ఈ ముద్రే పనికొస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయిన ఆర్నెల్లకు, అదే పనికి రెట్టింపు ధరకు కన్సల్టెంట్లను పిలవడం నేను చూశాను.

మరోవైపు, కొత్తగా చదువు పూర్తిచేసుకున్న మన పిల్లలు మొదటి ఉద్యోగం కోసం వందల దరఖాస్తులు పెడుతున్నారు. అందరూ ఒకే నాలుగు టెక్నాలజీలు నేర్చుకుని, ఒకే ఉద్యోగాలకు క్యూలో నిలబడుతున్నారు. వాళ్ళకు ఈ దారి ఒకటుందని చెప్పేవాళ్ళే లేరు.

ఇందులో రంగుల కల ఏమీ చూపించదలచుకోలేదు. ఉద్యోగాల సంఖ్య జావా, పైథాన్‌లతో పోలిస్తే చాలా చిన్నది. చాలా ప్రకటనల్లో ఐదేళ్ళ అనుభవం అడుగుతారు, కొత్తవాళ్ళకు తలుపు తెరిచే కంపెనీలు కొన్నే. కొంత పని ఇక్కడినుంచి మన హైదరాబాద్‌కే వెళ్ళిపోతోంది. యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ ఒకే కంపెనీవి కాబట్టి ఆ కంపెనీ నిర్ణయాల మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను. పైథానో, జావానో వచ్చిన పిల్లవాడు దీన్ని రెండో విద్యగా నేర్చుకుంటే మాత్రం, పోటీ తక్కువున్న చోట నిలబడగలడు.

ఏం చేయొచ్చు?

ముద్ర పోవాలంటే ఏడో పేరు అక్కర్లేదు. ఐబీఎం చేతిలో ఉన్నది ఐబీఎం చేసుకుంటుంది. మన చేతిలో ఉన్నవి మూడు.

ఒకటి, ఈ పని చేస్తున్నవాళ్ళు తమ పనిని సరైన మాటల్లో చెప్పుకోవాలి. "ఏఎస్ 400లో ఉన్నాను" అనే బదులు "ఫలానా కంపెనీ ఆర్డర్లన్నీ మేము రాసిన ప్రోగ్రాముల గుండా వెళతాయి" అని చెప్పండి. రెజ్యూమేలోనూ అదే రాయండి. మీకు తెలిసింది ఒక భాష మాత్రమే కాదు, ఒక వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసు. మార్పిడి ప్రాజెక్టుల్లో అందరికన్నా ముందు కావలసింది ఆ పరిజ్ఞానమే.

రెండు, తెలిసింది రాసిపెట్టాలి. పాత కోడ్ చదివి వివరించే ఏఐ సాధనాలు వచ్చేశాయి. కోబాల్‌ను జావాలోకి మార్చడానికి ఐబీఎం 2023లోనే ఒకదాన్ని తెచ్చింది. ఇవి ప్రోగ్రాము ఏం చేస్తోందో చెప్పగలవు. ఆ నిబంధన ఎందుకు పెట్టారో, క్విబెక్ బిల్లుల్లో మాత్రమే ఆ మినహాయింపు ఎందుకుందో ఎవరూ ఎక్కడా రాయకపోతే అవి కూడా చెప్పలేవు. రాసిపెడితే మన విలువ తగ్గుతుందని కొందరి భయం. వ్యవస్థను మార్చే రోజు వచ్చినప్పుడు, దాన్ని విడమరచి చెప్పగలిగినవాళ్ళకే ఆ కొత్త ప్రాజెక్టులో కుర్చీ దొరకడం నేను ఎక్కువగా చూశాను.

మూడు, మన సంఘాలు. ఉగాదికి, దీపావళికి హాళ్ళు నింపగలిగిన మనం, నెలకొక శనివారం రెండు గంటలు లైబ్రరీ గదిలో పదిమంది పిల్లలను కూర్చోబెట్టలేమా? ఖర్చు కూడా లేదు. పబ్400 అనే సర్వర్‌లో ఉచితంగా ఖాతా తెరిచి నిజమైన ఐబీఎం ఐ మీదే సాధన చేయొచ్చు. మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం. కావలసిందల్లా పక్కన కూర్చుని "ఈ ఫైలు అంటే ఆ కంపెనీ గోదాము, ఈ ప్రోగ్రాము అంటే నెలాఖరు బిల్లులు" అని చెప్పే అనుభవజ్ఞులు. వాళ్ళు బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో, మార్కమ్‌లో మన మధ్యే ఉన్నారు. ఇంకో పదేళ్ళకు వాళ్ళంతా రిటైరైపోతారు, అప్పుడు నేర్పమని అడగడానికి కూడా ఎవరూ దొరకరు.

ఈ శనివారాల తరగతి మొదలుపెట్టడానికి నేను సిద్ధం. మీ ఊళ్ళోనూ ఇలాంటి అనుభవం ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు, బాబాయిలు ఉంటే, ఈసారి భోజనాల దగ్గర "ఇంకా ఉందా అది?" అని కాకుండా "మా అబ్బాయికి కాస్త చూపిస్తారా?" అని అడగండి.